వాడ మాటలు – 23: తాళంచెవి గదిలో, మనం గుమ్మంలో

"తెలుగు సారువి, నీకు లినక్స్ కెర్నల్ ఎందుకయ్యా?" అని ఒక పెద్దమనిషి నవ్విండు. నిన్నటిదాకా ఛందస్సు మీకెందుకు అన్న నోరే అది.

ఎందుకో చెప్త వినుండ్రి.

నేనుండేది సైనిక్‌పురిలో. పక్కనే ఈసీఐఎల్, 1967లో పుట్టిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ. ఆ గోడ వెంబడి ఏళ్లుగా నడుస్తున్న. యంత్రం లోపల ఏముంటదో నాకెవరూ చూపలే. అందుకే హాస్టల్‌లో చదివే మా ఊరి తమ్ముడూ నేనూ ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు ముందేసుకుని కూర్చున్నం.

కెర్నల్ అంటే మెమరీకి, తెరకు, కార్డుకు పని పురమాయించే అసలు ప్రోగ్రాం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిండు. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. మార్చింది ఇంకొకరికి ఇస్తే దాని కోడ్ కూడా ఇవ్వాలనేది జీపీఎల్ షరతు. వింటే చెవుల్లో సీసం పొయ్యమన్న ధర్మానికి ఇది పక్కా విరోధి.

అక్కర్లేని డ్రైవర్లు తీసేసి సొంత కెర్నల్ కట్టినం. రాత్రంతా కంపైల్. పొద్దున ఆన్ చేస్తే కెర్నల్ పానిక్! రూట్ ఫైల్ సిస్టం తెరవలేనంటది.

తప్పు మాదే. కార్డును చదవాలంటే ఈఎక్స్‌టీ4 డ్రైవర్ కావాలె. కెర్నల్ చిన్నగుండాలని దాన్ని విడి మాడ్యూల్ చేసినం. ఆ మాడ్యూల్ ఉన్నదెక్కడ? ఆ కార్డులోనే. గది తాళంచెవి గదిలోనే!

"అన్నా, ఇది మన కథే" అన్నడు తమ్ముడు.

నిజమే. ఇంగ్లీషు వస్తేనే సీటు, సీటొస్తేనే ఇంగ్లీషు. అనుభవముంటేనే కొలువు, కొలువుంటేనే అనుభవం. గదిలో పుట్టినోడు గుమ్మంలో నిలబడ్డోణ్ణి చూసి "మెరిట్ లేదు" అంటడు. "కోడ్ అందరికీ తెరిచే ఉంది కదా" అనేటోళ్లకూ ఇదే జవాబు. లాప్‌టాప్, ఇంగ్లీషు, పక్కన కూర్చుని చూపే మనిషి లేకుంటే తెరిచిన తలుపూ గోడే.

మరి బాగుచేసుడెట్ల? కాన్ఫిగరేషన్‌లో ఆ డ్రైవర్ పక్కనున్న 'ఎం' తీసి నక్షత్రం పెట్టాలె. అప్పుడది కెర్నల్‌లోనే భాగమైతది. రిజర్వేషన్ అంటే ఆ నక్షత్రమే. బాబాసాహెబ్ 16(4)ను రాజ్యాంగంలోనే బిగించిండు, ఎవరో దయతలచి తర్వాత లోడ్ చేసేదానికి వదల్లే.

మళ్లీ కంపైల్ చేసినం. తెర మీద లాగిన్ వచ్చింది. మొదటి పేరు తమ్ముడే కొట్టిండు.

ప్రతి సంక్షేమ హాస్టల్లో ఇట్లాంటి ఒక బోర్డు, నేర్పే ఒక మనిషి. ఇది భిక్ష కాదు, మా బాకీ. అడుగుతనే ఉంటం.

జై భీమ్.