పందికొక్కుకు ఇల్లు కట్టిస్తున్నది మనమే

వరి పొట్టకొచ్చే వేళ తెల్లవారుజామున ఒకసారి పొలం గట్టు మీద నడిచి చూడండి. గట్టు పక్కన కొత్త మట్టి కుప్పగా తోడిపోసి ఉంటుంది. దాని దగ్గర కొడవలితో ఏటవాలుగా కోసినట్టు పిలకలు తెగి పడి ఉంటాయి. అది పందికొక్కు పని.

మొన్న కాజీపేట పక్కన మడికొండ శివారులో ఎకరంనర కౌలు చేస్తున్న ఒక రైతు ఇదే చూపించాడు. "మందు పెట్టిన సార్. వారం దినాలు మంచిగనే ఉండె. మల్ల మొదటికే వచ్చె" అన్నాడు. మందు లోపం కాదు. ఆయన పొలంలో ఖాళీ అయిన బొక్కల్లోకి పక్క పొలం పందికొక్కులు వచ్చి చేరాయి. కట్టిన ఇల్లు ఊరికే దొరికితే ఎవరు కాదంటారు?

మన 'పందికొక్కు' మాటనే ఇంగ్లీషువాళ్లు 'బాండికూట్' చేసుకున్నారు. పొలాల్లో ఉండే చిన్న పందికొక్కును పాత పుస్తకాల్లో 'ఇండియన్ మోల్ ర్యాట్' అని కూడా రాశారు. అసలు మోల్ అనే జంతువు వేరు. అది నేల కింద వానపాములు, పురుగులు తిని బతుకుతుంది. మన దేశంలో అది ఈశాన్యం వైపు కొండల్లోనే ఉంది, మన దగ్గర లేదు. నేల కింద సొరంగాలు తవ్వే గుణంలోనే మన పందికొక్కు దాన్ని పోలింది. తిండి మాత్రం మన గింజే.

దాని ఇల్లు ఎట్లుంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. వెడల్పుగా ఉండి, గడ్డి పెరిగి, తడి తగిలే గట్టు దానికి ఇష్టం. లోపల పిల్లల కోసం ఒక గది, వెన్నులు దాచుకోవడానికి మరో గది ఉంటాయి. పగలు బొక్క నోరు మట్టితో మూసుకుని పడుకుంటుంది, రాత్రి మేతకు వస్తుంది. నీళ్లలో ఈదుతుంది కాబట్టి మడి నిండా నీరున్నా ఆగదు. కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, ఈతకు ఐదారు నుంచి పది పిల్లల దాకా పెడుతుంది. తినేదానికన్నా కొరికి పారేసేదే ఎక్కువ.

పెద్ద రైతు మడులు పెద్దవి. మన చిన్న కమతాల్లో మడులు చిన్నవి, ఎకరానికి గట్లు ఎక్కువ. అంటే పందికొక్కుకు ఇళ్లూ ఎక్కువే. పైగా వెనుకట ఎండాకాలం పొలాలు బీడుండేవి, దానికి పస్తు తప్పేది కాదు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు, కాలువ నీళ్లూ తోడయ్యాయి. వానాకాలం వరి, వెంటనే యాసంగి వరి. మనకు రెండు పంటలైతే దానికీ రెండు పంటలే.

అందుకే మందుకన్నా ముందు గట్టు సంగతి చూడాలని నా మాట. నాటుకు ముందు ఒడ్డు చెక్కండి, గడ్డి తీయండి, పాత బొక్కలు తవ్వి పూడ్చండి. నడవడానికి సరిపోయేటట్టు అడుగు వెడల్పు ఉంచితే చాలు, అంత సన్నటి గట్టులో అది ఇల్లు తవ్వుకోలేదు.

రెండోది, ఒక్కరు చేస్తే లాభం లేదు. ఒక చెరువు ఆయకట్టు కింద, లేకుంటే ఒక తూము కింద ఉన్న రైతులంతా ఒకే వారంలో చేయాలి. అదీ పంట పొట్టకు రాకముందే. పాలు పోసుకున్న గింజ దొరికాక అది మీ ఎర ముట్టదు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడయోలోన్ (0.25 శాతం మందు) కలిపి, 10-15 గ్రాముల పొట్లాలు కట్టి, కొత్త మట్టి ఉన్న బొక్కల్లో లోపలికి వేయండి. చేతులకు తొడుగు వేసుకోండి, పిల్లలను, పశువులను దూరం ఉంచండి. చచ్చినవాటిని లోతుగా పూడ్చండి. లేకపోతే వాటిని తిన్న గుడ్లగూబకూ ప్రమాదమే.

ఎందుకంటే మన అసలు కూలీలు అవే. జెర్రిపోతుకు విషం లేదు, అయినా కనపడగానే కట్టె ఎత్తుతాం. గుడ్లగూబ ఇంటి మీద వాలితే అపశకునమని రాళ్లేస్తాం. మన పొలం కాసేవాళ్లను మనమే తరిమి, తెల్లారి మందు దుకాణానికి పోతున్నాం. పొలంలో నాలుగు కర్రలు పాతి పైన అడ్డం కట్టండి, గుడ్లగూబ వాలి కూర్చుంటుంది.

కౌలు గింజలు కొలిచాక మిగిలేదే చిన్న రైతుకు తిండి. గట్టు పొంటి నాలుగు సాళ్లు పోతే పోయేది ఆ మిగులే. ఈసారి నాటుకు ముందు మీ పక్క పొలం రైతుతో ఒక్క మాట మాట్లాడండి. ఆయన గట్టు, మీ గట్టు వేర్వేరు కావు. పందికొక్కుకు రెండూ ఒకటే ఇల్లు.