పసివాని తెలుగుకు కొలబద్ద ఏది?

మారతహళ్ళి వంతెన దిగి లోపలి వీధులలోకి మళ్ళితే, ఆంధ్రా భోజనశాలల బోర్డులకూ అద్దె హాస్టళ్ళ బోర్డులకూ నడుమ మరొక రకం బోర్డులు కొన్నేళ్ళుగా కనబడుతున్నాయి. పిల్లల ఎదుగుదలను పరీక్షించి, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ అందించే కేంద్రాలవి. ఇవి రావడం మంచిదే. ఒక తరం కిందట 'మొద్దు', 'మొండి' అని పేరుపెట్టి ఇంటి మూల కూర్చోబెట్టిన పిల్లలకు ఇవాళ గుండీ పెట్టుకోవడం, పెన్సిలు పట్టుకోవడం, పదిమందిలో మెలగడం ఓపికగా నేర్పే మనుషులు దొరుకుతున్నారు. వారి పనిమీద మాకు గౌరవమే. మా సందేహమంతా ఆ పని మొదలుకాకముందు జరిగే కొలత గురించి.

ఇటీవల అటువంటి ఒక కేంద్రానికి మాకు తెలిసిన కుటుంబం వెంట వెళ్ళవలసి వచ్చింది. వారు మడకశిర వైపువారు. భార్యాభర్తలిద్దరూ కంప్యూటరు కొలువులలో ఉన్నారు. మూడున్నరేళ్ళ పిల్లవాడు పగలంతా అవ్వ చేతిలోనే పెరుగుతున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి చెక్కబిళ్ళను వాని చేతికిచ్చి, కుర్చీ కింద పెట్టమని ఇంగ్లీషులో అడిగింది. వాడు బిళ్ళనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. వెనక పెట్టమన్నది, ముందు పెట్టమన్నది. మళ్ళీ అదే చూపు. కాగితం మీద సున్నాలు పడ్డాయి. గుమ్మం దగ్గర కూర్చున్న అవ్వ ఉండబట్టలేక, "నాయనా, కుర్చీ కింద పెట్టు" అన్నది. పెట్టాడు. "ఎనక పెట్టు" అంటే వెనక పెట్టాడు. "వానికి తెలియక కాదమ్మా, నువ్వడిగేది తెలియక" అన్నది అవ్వ. తల్లి ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఆ అమ్మాయి నొచ్చుకుంటూనే, నిబంధన ప్రకారం అంకె మార్చడం కుదరదన్నది.

నిజానికి ఆమె చెప్పింది తప్పు కాదు. తిరకాసంతా అక్కడే ఉన్నది. ప్రామాణిక పరీక్ష అంటే ఒకే ప్రశ్నను ఒకే మాటలతో, ఒకే వస్తువులతో వందలాది పిల్లలను అడిగి, ఏ వయసులో ఎందరు చేయగలిగారో పట్టిక కట్టి, ఆ పట్టిక పక్కన మన పిల్లవాణ్ణి నిలబెట్టి చూడడం. సగటు 100 అయితే 70 కంటే దిగువన ఉన్నవానికి లోపమున్నట్లు లెక్క. మాట మారితే, భాష మారితే ఆ పట్టికతో పోల్చే హక్కు పోతుంది. అప్పటికప్పుడు నోటితో చేసిన తెలుగు అనువాదానికి అమెరికా పిల్లల పట్టిక వర్తించదు. అయితే తెలుగు మాత్రమే వచ్చిన బిడ్డను ఇంగ్లీషులో అడిగినప్పుడు మాత్రం ఆ పట్టిక వర్తిస్తుందా? ఈ రెండో ప్రశ్నను ఎవరూ వేయరు.

మన దేశంలో వాడుకలో ఉన్న కొలబద్దలలో పేరున్నవి చాలావరకు అక్కడివే. బేలీ కొలమానం 1969లోనూ, డెన్వర్ పరీక్ష 1967లోనూ వచ్చాయి. తరువాత సవరణలు పొందాయి. 1992 నాటి డెన్వర్ సవరణలో 125 అంశాలున్నాయి. వాటిలో పిల్లవాడు తన ఉదయపు సీరియల్‌ను తానే గిన్నెలో కలుపుకోగలడా అన్నది ఒకటి. సంగటిముద్ద తిని పెరిగే ఇంట్లో ఈ ప్రశ్నకు ఏమని జవాబు రాయాలి? అదే పరీక్షలో చలివేస్తే ఏం చేస్తావు, ఆకలేస్తే ఏం చేస్తావు అని అడిగే అంశమూ ఉన్నది. అది ఏ భాషలోనైనా అడగదగిన చక్కని ప్రశ్న. దాన్ని బిడ్డకు తెలిసిన నుడిలో అడగాలి, అంతే. ఎండుద్రాక్షను బొటనవేలితో, చూపుడువేలితో పట్టి తీయడం ఇంకొక అంశం. వామనగుంటలలో చింతగింజలు తీసే పిల్లకు ఆ పట్టు ఎవరూ నేర్పనక్కరలేదు. గీతలనూ ఆకారాలనూ చూసి గీయించే పరీక్షలు కొన్ని ఉన్నాయి. చుక్కల ముగ్గు వేసే ఇళ్ళలో కన్నూ చెయ్యీ కలిసే విద్య వాకిట్లోనే మొదలవుతుంది. కాని ముగ్గునుగాని, అచ్చనగండ్లనుగాని లెక్కలోకి తీసుకునే పట్టిక మాకెక్కడా కనబడలేదు.

మనవాళ్ళు ఏమీ చేయలేదని అనలేము. బేలీ కొలమానాన్ని ఆధారం చేసుకుని బరోడాలో ప్రమీలా ఫాటక్ బృందం భారతీయ శిశువుల కొలమానాన్ని రూపొందించింది. అందులో కదలికలకు 67, మానసిక వికాసానికి 163 అంశాలున్నాయి. అయితే అది 30 నెలల వయసు దగ్గర ఆగిపోతుంది. సరిగ్గా పిల్లల మాట పుంజుకునే కాలమది. తిరువనంతపురంలో 17 అంశాలతో చేసిన చిన్న పట్టిక కూడా మొదట రెండేళ్ళ లోపువారికే. ఆటిజం నిర్ధారణకు 40 అంశాల భారతీయ కొలమానం 2009లో మన సికిందరాబాదులోని జాతీయ సంస్థ నుంచే వెలువడింది. మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా 1984లో మొదలై, ఇప్పుడు పేరు మారిన సంస్థ అది. పిల్లల నాడీవికాస సమస్యల మీద 2018లో వెలువడిన పెద్ద అధ్యయనానికి ఎంచుకున్న అయిదు ప్రాంతాలలో హైదరాబాదూ ఒకటి. అంటే విద్యా ఉన్నది, సంస్థలూ ఉన్నాయి. తెలుగునేల నడిబొడ్డున ఉన్నాయి.

కన్నడిగులను చూసి నేర్చుకోవలసింది ఒకటున్నది. 1905లో పారిస్‌లో బినే తయారుచేసిన బుద్ధి పరీక్షను, 1930లలోనే ధారవాడకు చెందిన వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్లు మలిచారు. స్వాతంత్ర్యం రాకముందే పొరుగువారికి ఆ ఆలోచన వచ్చింది. మనకు 2008లో ప్రాచీన భాష హోదా దక్కింది. సభలూ సన్మానాలూ జరిగాయి. రెండువేల ఏళ్ళ నాటి శాసనంలో తెలుగు మాట వెదికే శ్రద్ధలో పదోవంతైనా, మూడేళ్ళ బిడ్డ నోట ఏ వయసుకు ఏ తెలుగు మాట పలుకుతుందో లెక్కించడం మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

మళ్ళీ ఆ ఇంటి సంగతికి వద్దాము. నివేదికలో, భాషను గ్రహించడంలో వయసుకు తగిన స్థాయి లేదని రాశారు. దానితోపాటు నోటిమాటగా ఒక సలహా ఇచ్చారు: ఇంట్లో రెండు భాషలు వద్దు, ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి. తల్లిదండ్రులు భయపడి ఆ మాటను అక్షరాలా పాటించారు. ఇంగ్లీషు రాని అవ్వ మనుమనితో మాట్లాడడం మానేసింది. పగలంతా ఆ ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడుతున్నది. మాట రావడం లేదని బెంగపడిన ఇంట్లో, బిడ్డతో మాట్లాడే ఒకే ఒక మనిషి నోరు మూయించారు! రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యమవుతుందన్న నమ్మకాన్ని పరిశోధనలు బలపరచడం లేదు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలోనూ అంతే. ఇంట్లో తెలుగు మానండని ఎవరు చెప్పినా, ఎంత పెద్ద కుర్చీలో కూర్చుని చెప్పినా, వినవలసిన పని లేదు.

ఇది చదివి, పరీక్షలన్నీ బూటకమనీ, మావాడికేమీ లేదనీ ఇంటికి పోయేవారుంటారని మాకు తెలుసు. దయచేసి అలా చేయకండి. రెండు మూడు భాషల నడుమ ఉన్నాడు కదా, మాట ఆలస్యమైతే ఏమని ఊరుకుని, చేయూత అందవలసిన ఏళ్ళను పోగొట్టుకున్న ఇళ్ళు కూడా సరిహద్దు జిల్లాలలో ఉన్నాయి. నిజమైన ఆలస్యం ఉంటే అది అన్ని భాషలలోనూ కనబడుతుంది, అమ్మనుడిలోనూ కనబడుతుంది. అందుకే అమ్మనుడిలో చూడమంటున్నాము.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే తొమ్మిదిమంది పిల్లలను ఇంగ్లీషు పరీక్ష పెట్టి మందబుద్ధుల తరగతులకు పంపితే, 1970 నాటికి ఆ సంగతి న్యాయస్థానానికెక్కింది. వారి భాషలో మళ్ళీ పరీక్షిస్తే అంకెలు పెరిగాయి. 1975లో ఆ దేశం చేసిన వికలాంగ బాలల విద్యాచట్టంలో, వీలైనంతవరకు బిడ్డ సొంత భాషలోనే పరీక్ష జరపాలన్న నియమం చేరింది. అంటే న్యూజెర్సీ బడిలో చదివే తెలుగు బిడ్డకు చట్టం చేతికిచ్చిన మాట, మారతహళ్ళిలో, హొసూరులో, కోలారులో పెరిగే తెలుగు బిడ్డకు లేదు. మన రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో అమ్మనుడిలో బోధన గురించి చెబుతుంది. బడికి పోకముందే బిడ్డను కొలిచే ఈ పరీక్షల ఊసు అందులో లేదు.

2011 జనగణన ప్రకారం కర్ణాటకలో నూటికి దాదాపు ఆరుగురు తెలుగును తల్లిభాషగా చెప్పుకున్నారు. నిన్నమొన్న కొలువులకు వచ్చినవారే కాక, హొసకోట, ఆనేకల్లు పల్లెలలో తరతరాలుగా ఉన్నవారూ వీరిలో ఉన్నారు. వీరి తెలుగు విజయవాడ తెలుగు కాదు. కన్నడమూ తమిళమూ కలిసిన నుడి అది. రేపు తెలుగులో కొలబద్ద తయారైనా, పుస్తకాల తెలుగుతో తయారైతే మా పిల్లలకు మళ్ళీ సున్నాలే. సికిందరాబాదు సంస్థ, మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ, తెలుగు విశ్వవిద్యాలయం కలిసి కూర్చుని, సరిహద్దు జిల్లాల పిల్లలను కూడా నమూనాలో చేర్చి ఈ పని చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, కర్ణాటక ప్రభుత్వాన్నీ కోరుతున్నాము.

అంతవరకు తల్లిదండ్రులు చేయగలిగినది కొంత ఉన్నది. పరీక్షకు వెళ్ళేటప్పుడు పగలంతా బిడ్డను చూసుకునే అవ్వనో తాతనో వెంట తీసుకువెళ్ళండి. ఇంట్లో బిడ్డ ఏమి చేస్తాడో చెప్పవలసిన ప్రశ్నలకు వారి జవాబే నమ్మదగినది. ఏ పరీక్ష చేశారు, ఏ దేశపు పిల్లల పట్టికతో పోల్చారు, ఏ భాషలో అడిగారు అన్న మూడు సంగతులనూ నివేదికలో రాసి ఇమ్మనండి. రాయడానికి ఒప్పుకోకపోతే ఆ సంగతి మాకు ఉత్తరం రాయండి. మడకశిర కుటుంబం వచ్చే నెలలో తెలుగు తెలిసిన మరొక థెరపిస్టు దగ్గరకు వెళ్ళబోతున్నది. ఈసారి అవ్వ గుమ్మం దగ్గర కాక, బిడ్డ పక్కనే కూర్చుంటుంది.