నిందితుల జాబితాలో నా పేరు

"ఇది నిరసన పాటేంటి, పబ్బులో వేసే పాటలా ఉంటేనూ!" అన్నాడు మిత్రుడు, ఇయర్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెడుతూ.

నేను వినిపించింది అనోనీ పాడిన 'హోప్‌లెస్‌నెస్'. 2016లో వచ్చిన ఆల్బం. అంతకు ముందు 'ఆంటొనీ అండ్ ద జాన్సన్స్' బృందంతో పియానో, తీగ వాద్యాల మధ్య దుఃఖాన్ని పాడిన గాయని, ఈసారి హడ్సన్ మొహాక్, వన్‌ఓట్రిక్స్ పాయింట్ నెవర్ అనే ఇద్దరు ఎలక్ట్రానిక్ సంగీతకారులతో కలిసి డ్రోన్ దాడుల మీద, నిఘా మీద, మరణశిక్షల మీద, వేడెక్కుతున్న భూమి మీద పాటలు కట్టింది.

మిత్రుడిది ఒంటరి అభిప్రాయమేం కాదు. నిరసన పాటంటే గరుగ్గా ఉండాలి, డప్పో గిటారో తప్ప ఇంకేం వినపడకూడదు, వింటే పిడికిలి బిగుసుకోవాలి అని మనకో లెక్కుంది. అందంగా ఉంటే అనుమానిస్తాం. నేనీ లెక్క ఒప్పుకోను. ఈ ఆల్బంలో మనల్ని పట్టించేది ఆ అందమే.

'ఫోర్ డిగ్రీస్' తీసుకోండి. 2015 చివర్లో, పారిస్ వాతావరణ సదస్సు జరిగే రోజుల్లో విడుదలైన పాట. భూమిని కాపాడమని అందులో వేడుకోదు. వేడెక్కనీ, నాలుగు డిగ్రీలే కదా, జీవాలు అల్లాడిపోతుంటే చూడాలనుంది అంటుంది! వెనక డ్రమ్స్ విజయోత్సవంలా మోగుతుంటాయి. మొదటిసారి ఒళ్ళు జలదరించింది. రెండోసారి వింటుంటే నేరం ఒప్పుకుంటున్నవాళ్ళ వాంగ్మూలంలా అనిపించింది. ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకునే నేను రోజూ కోరుకుంటున్నదీ అదే. నోటితో అననంతే.

'వాచ్ మీ'లో నిఘా పెట్టేవాడితో తండ్రితో మాట్లాడినంత గారంగా మాట్లాడుతుంది. ప్రతి యాప్‌కీ 'అనుమతించు' అని నొక్కే వేలు నాదే కదా. 'ఒబామా'లో గొంతు లోతుకి దిగి, దాదాపు మంత్రం చదువుతున్నట్టు, ఒకప్పుడు ఆశ పెట్టుకున్న నాయకుణ్ణే నిలదీస్తుంది. శత్రువుని ఎవరైనా తిడతారు. గెలిచాడని మనం సంబరపడ్డవాణ్ణి అడగడమే కష్టం.

ఒక్క విమర్శకి మాత్రం తల వంచుతాను. 'డ్రోన్ బాంబ్ మీ'లో, డ్రోన్ దాడిలో ఇంటివాళ్ళని పోగొట్టుకున్న అఫ్ఘాన్ పిల్లగా పాడుతుంది. నన్నూ చంపెయ్ అని, అదీ ప్రేమపాట బాణీలో. అమెరికాలో బతికే కళాకారిణికి ఆ పిల్ల గొంతు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అయినా ఆ పాట జాలి అమ్ముకోదు. మెట్రోలో నిలబడి ఆ తియ్యటి బాణీ కూనిరాగం తీస్తూ నాకు నేనే దొరికిపోయాను.

మనకి గద్దర్ ఉన్నాడు, వంగపండు ఉన్నాడు. వాళ్ళ పాటల్లో 'మేము' అంటే దెబ్బతిన్నవాళ్ళు. ఆ మాట అనే హక్కు వాళ్ళకుంది. అవే పాటలు హైటెక్ సిటీ ఫ్లాట్‌లో స్పీకర్లో పెట్టుకుని, గొంతు కలిపి, ఆ 'మేము'లో నేనూ చేరిపోయి, మనసు తేలికపడి హాయిగా నిద్రపోతాను చూడండి, నా గొడవంతా దాంతో. ఎవరి భూమి మీద ఆ ఫ్లాట్ లేచిందో పాట అడుగుతూనే ఉంటుంది. నాకు మాత్రం వినపడదు.

'హోప్‌లెస్‌నెస్' నన్నలా బాధితుల గుంపులో దాక్కోనివ్వలేదు. నాలాంటివాళ్ళ గురించి తెలుగులో ఎవరైనా ఇలాంటి పాట కడితే, దానికి డప్పున్నా సింథసైజరున్నా నాకు పట్టింపు లేదు. అందులో 'మేము' కన్నా ముందు 'నేను' ఉండాలి.