వెనక బత్తీ లేకపోవడం తక్దీర్ కాదు

మొన్న మగ్రిబ్ దాటాక జహీరాబాద్ నుంచి రాయికోడ్ వెళ్తున్నా. బైక్ వెలుగులో ఉన్నట్టుండి నల్లటి గోడ. చెరకు ట్రాలీ! వెనక ఒక్క బత్తీ లేదు. బ్రేకు పడింది కాబట్టి ఇది రాస్తున్నా.

డ్రైవర్ తమ్ముణ్ని అడిగితే, "వైరింగ్ ఖరాబ్ ఉంది భాయ్. బల్బు మార్చినా వెలగలే" అన్నాడు.

చాలాసార్లు కసూర్ బల్బుది కాదు, ఎర్త్‌ది. బల్బుకు వెళ్లిన కరెంటు బ్యాటరీకి తిరిగి రావాలి. విడిగా వైరు లేకపోతే ఆ దారి ట్రాలీ కొక్కెమే. అక్కడ తుప్పు, గ్రీజు, మట్టి. అందుకే బత్తీ ఆరుతుంది, లేదా ఇండికేటర్ వేస్తే అన్నీ కలిసి మినుకుమంటాయి.

పరీక్ష ఆసాన్. ట్రాలీ ఇనుముపై కొంచెం రంగు గీకి, బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు తాకించండి. వెలిగిందా, మర్జ్ దొరికినట్టే. ఆ వైరునే పక్కాగా బిగించండి. వెలగకపోతే ఫ్యూజు, ప్లగ్గు పిన్నులు, నలిగిన వైర్లు చూడండి.

అరవై స్పీడులో బైక్ సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. వెనక ఎర్ర బత్తీ, రిఫ్లెక్టర్ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెప్తున్నాయి. ట్రిప్పుల హిసాబ్ పైసలతో సహా చూసే మాలిక్‌కు ఈ జిమ్మేదారీ లేదా? జనాజా లేచాక మాత్రం "తక్దీర్" అంటాం.

ట్రాలీ ఉన్న ఇంటివాళ్లకు నా గుజారిష్: లోడు ఎక్కాక ఒకరు వెనక నిలబడి చూడండి. చెరకు గడలు బత్తీని కప్పేసినా, అది లేనట్టే.