స్టెంట్ వేశాక మందులెవరిస్తారు?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం స్టెంట్ ఖర్చు భరిస్తోంది. మంచిదే. కానీ ఇంటికొచ్చాక మందులు ఏళ్ల తరబడి వాడాలి. డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపేస్తే, ముఖ్యంగా తొలి నెలల్లో, స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చు.

మన ఆనందపురంలో మందులు ఆగేది నిర్లక్ష్యం వల్లేనా? పూలు తెల్లవారకముందే కోసి మార్కెట్‌కు చేర్చాలి. కేజీహెచ్ సుమారు పాతిక కిలోమీటర్లు. ఓపీ చీటీ, పరీక్షలు, మందుల వరస కలిస్తే ఆ రోజు కోత పోయినట్టే. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ బిళ్ల వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి. పొలంలో ఆడవాళ్లు ఎక్కడికెళతారు? బిళ్ల మానేస్తారు, కాళ్లు వాస్తాయి. (వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టర్నే అడగండి.) నడుం నొప్పికి దుకాణంలో కొనే డైక్లోఫెనాక్ ఇంకా నీరు పట్టిస్తుంది. ఈ మాట చీటీ మీద తెలుగులో రాసివ్వడానికి ఎంతసేపు పడుతుంది?

ప్రతి మండలానికీ గుండె డాక్టరు కావాలని మనం అడగడం లేదు. నిపుణుడు రాసిన మందులు రెండు నెలలకు సరిపడా పీహెచ్‌సీలోనే ఇవ్వాలి. ఈ-సంజీవని ద్వారా అక్కడి నుంచే ఆయనతో మాట్లాడించాలి. కృత్రిమ కవాటం పెట్టించుకుని వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్ఆర్ పరీక్ష మండలంలోనే చేయాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలో ఎరువులతో పాటు ఈ మూడూ రాద్దాం. మందులు వాడుతున్న సభ్యులు తమ చీటీల నకళ్లు పట్టుకుని రావాలి.