మతం గడిలో ఏమని రాయించాలి?

మందమర్రి: గని కాలనీల్లో ఆదివారం పొద్దున చర్చికి వెళ్లే దళిత కుటుంబాలు కొన్నింటి ఇళ్లలో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి పాస్టరు ఇచ్చిన బాప్తిస్మ పత్రం. రెండోది ఎమ్మార్వో కార్యాలయం ఇచ్చిన ఎస్సీ కుల పత్రం. చట్టం ప్రకారం మొదటిది నిజమైతే రెండోది చెల్లదు. 2027 మార్చి 1 నాటికి జనాభా లెక్కలు తీస్తామని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. ఈసారి ఇంటింటా అందరి కులాన్నీ రాస్తారు. మతమూ అడుగుతారు. చర్చికి వెళ్లే మాల, మాదిగ కుటుంబాలు ఆ గడిలో ఏమని రాయించాలన్నది చిన్న ప్రశ్న కాదు.

చిక్కు ఇప్పటిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డ్ కులం కిందికి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు దొరికింది. క్రైస్తవులకు, ముస్లింలకు దొరకలేదు. గిరిజనులకు ఈ షరతే లేదు. జిల్లాలోని గోండు, కొలాం ఏ దేవుణ్ణి కొలిచినా ఎస్టీగానే ఉంటాడు. పక్క వాడలోని మాదిగ మాత్రం ప్రభువును నమ్ముకున్నానని చెప్పిన రోజే ఎస్సీ కాకుండా పోతాడు.

పోయేదేమిటో మందమర్రి వాసులకు వివరించనక్కరలేదు. సింగరేణి ఉద్యోగ ప్రకటనలో రిజర్వు పోస్టు పోతుంది. కాలేజీ సీటు పోతుంది. చెన్నూరు, బెల్లంపల్లి రెండూ ఎస్సీ నియోజకవర్గాలే. అక్కడ పోటీ చేసే హక్కు పోతుంది. ఎవరైనా కులం పేరుతో తిడితే అట్రాసిటీ కేసు కూడా నిలవదు. ఒక పాస్టరు పెట్టిన కేసులో 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ మాటే చెప్పింది. కుల పత్రం రద్దు కాకుండా చేతిలో ఉన్నా ప్రయోజనం లేదన్నది. బదులుగా మిగిలేది బీసీ-సీ కింద ఒక్క శాతం.

అందుకే చాలామంది నోరు మెదపరు. వాళ్లను దొంగలనడం తేలిక. గుంటూరు వైపు కాథలిక్ రెడ్లు ఉన్నారు. తాము క్రైస్తవులమని చెప్పుకొన్నందుకు వాళ్లకు ఎస్సీ కోటా పోయేది లేదు, కులం పేరూ పోలేదు. విశ్వాసాన్ని ఒప్పుకొన్నందుకు ధర చెల్లించాల్సింది వెలివాడ నుంచి వచ్చినవాడే.

అయినా దాచడం ఎంతకాలమో సాగేటట్టు లేదు. ఎస్సీ పత్రంతో గుమాస్తా ఉద్యోగం కోరిన పుదుచ్చేరి మహిళ కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చర్చికి వెళ్తూ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది. తప్పుడు కుల పత్రాలపై 1993 నాటి చట్టం ఉండనే ఉంది. ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లయ్యాక ఫిర్యాదు వచ్చినా కొంప మునుగుతుంది. కోడి కూసే లోపు మూడుసార్లు ఎరగనన్న పేతురు కథను ప్రతి చర్చిలో చెబుతారు. కాని పేతురు వెనుక ఫీజు కట్టాల్సిన పిల్లలు ఉన్నారేమో ఎవరూ అడగరు.

ఇంతకీ నిజం చెప్పాల్సింది ఒక్క గని కార్మికుడేనా? మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసైకి, క్రైస్తవుడన్న కారణంతో సర్కారు ఉచిత బంకు ఇవ్వలేదు. 1985లో సుప్రీంకోర్టు అతని వాదన తోసిపుచ్చింది. మతం మారినా కుల బాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపాలన్నది. ఆ రుజువు దొరికేది చర్చి లోపలే. వేరు శ్మశానాలు, కులం చూసి కలుపుకునే సంబంధాలు, వెనక బెంచీలు. క్రీస్తులో కులం లేదని బోధించే పెద్దలకు అది ఒప్పుకోవడం సిగ్గుగా ఉంటుంది. ఒప్పుకుంటే బయటివాళ్లు నవ్వుతారు. ఒప్పుకోకపోతే ఎస్సీ హోదా అడిగే ఆధారమే ఉండదు. కాథలిక్ బిషప్పులు 2016లో తమ సంఘంలో అంటరానితనం ఉందని లిఖితంగా ఒప్పుకున్నారు. మిగతా సంఘాలలో ఆ మాట బహిరంగంగా అనేవారు తక్కువ. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోని 2022లో కార్డినల్ అయినప్పుడు తొలి దళిత కార్డినల్ అని దేశమంతా రాశారు. చట్టం లెక్కలో ఆయన దళితుడు కాడు!

మతం షరతు తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించాలని తీర్మానించింది. ఆ ఉత్తర్వును మార్చగలిగేది పార్లమెంటు ఒక్కటే. ఈ లోపు క్రైస్తవులమని రాయించదలచిన కుటుంబం తెలుసుకోవలసింది ఒకటుంది. బీసీ-సీ హోదా మతం మారినవారికే కాక వారి సంతానానికీ వర్తిస్తుంది. దరఖాస్తు చేసుకోవలసింది ఎస్సీ పత్రం ఇచ్చే ఎమ్మార్వో కార్యాలయంలోనే.