తీరిక పని అంటే లెక్కలేని పనేనా?

పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం పూట, గిన్నెలన్నీ కడిగి బోర్లించాక, రెండు సూదులూ ఒక ఊలు ఉండా పట్టుకుని వరండాలో కూర్చున్నాను. యాభై దాటాక మొదటిసారి నిట్టింగ్ నేర్చుకోవాలనిపించింది. అదీ మామూలు మఫ్లర్ కాదు, సన్న సన్న చిల్లులతో వల లాగా ఉండే లేసు శాలువ.

మా అత్తమ్మ కాసేపు చూసి, "ఏందది?" అన్నది.

"శాలువ అత్తమ్మా."

"గీ వరంగల్ ఎండలల్ల శాలువ ఎవలకు బిడ్డా?"

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూశారు. "బాగుంది. ఇలాంటివి అమ్మితే ఎంతొస్తుందట?" అన్నారు. రాత్రి ఫోన్‌లో మా అమ్మాయి, "అమ్మా, రెండు మూడు చేశావంటే ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం" అంది.

ముగ్గురూ నా మంచి కోరేవాళ్ళే. అయినా పడుకున్నాక ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఎవరికి? ఎంతకు? ఆడవాళ్ళు చేత్తో ఏ పని మొదలుపెట్టినా మనకు ఎదురయ్యేవి ఈ రెండే ప్రశ్నలు. ఇంట్లో ఎవరికైనా పనికి రావాలి, లేకపోతే నాలుగు డబ్బులు తేవాలి. ఈ రెండూ కాకపోతే అది 'టైంపాస్'. అదే మగవాళ్ళు రిటైరయ్యాక చదరంగమో, ఫొటోలు తీయడమో నేర్చుకుంటే 'హాబీ' అంటాం. దాన్ని ఎవరికోసమని ఎవరూ అడగరు.

రెండు కుట్లు వస్తే చాలు

కొత్తగా నేర్చుకునేవాళ్ళు లేసు అనగానే భయపడతారు. నేనూ భయపడ్డాను. తీరా చూస్తే అందులో ఉన్నది చాలా చిన్న లెక్క. సీదా కుట్టు, ఉల్టా కుట్టు వస్తే సగం పని అయినట్లే. సూది మీదుగా దారాన్ని ఒక చుట్టు వేస్తే ఒక కన్ను పడుతుంది, దాంతో ఒక కుట్టు పెరుగుతుంది. ఆ వెంటనే రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లితే ఒకటి తగ్గుతుంది. పెరిగింది ఒకటి, తగ్గింది ఒకటి. లెక్క సరిపోయింది, మధ్యలో చిల్లు మిగిలింది. ఆ చిల్లే లేసు!

నేను అల్లింది ఇదీ: ఆరో నంబరు సూదుల మీద 66 కుట్లు. మొదట ఆరు వరసలు అన్నీ సీదా, అది అంచు. తర్వాత మొదటి వరసలో మూడు సీదా, ఆ పైన 'ఒక చుట్టు, రెండు కలిపి ఒకటి' ముప్పై సార్లు, చివర మూడు సీదా. రెండో వరసలో అటు మూడు, ఇటు మూడు సీదా, మధ్యలో 60 ఉల్టా. మూడో వరస అంతా సీదా. నాలుగోది మళ్ళీ రెండో దానిలాగే. ఈ నాలుగు వరసలే మళ్ళీ మళ్ళీ. అయిదడుగుల పొడవు వచ్చాక ఆరు వరసలు సీదా అల్లి ముగించడమే. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టుకోవాలి. 65 వచ్చాయంటే ఎక్కడో చుట్టు వేయడం మరిచాం, 67 వస్తే ఎక్కడో రెండు కలపడం మరిచాం.

తప్పులు తప్పవు. నావైతే మొదటి వారంలో మూడుసార్లు మొత్తం ఊడదీశాను. లేసులో ఊడదీయడం కూడా అంత సులువు కాదు, చిల్లుల దగ్గర కుట్లు జారిపోయి మళ్ళీ దొరకవు. దానికో ఉపాయం ఉంది. ఇరవై వరసలకు ఒకసారి, లెక్క సరిగ్గా ఉందనుకున్న వరసలో, వేరే రంగు దారాన్ని దబ్బనంతో కుట్లన్నిటిలోంచి ఎక్కించి వదిలేయాలి. ఆ తర్వాత ఎక్కడ తప్పినా ఆ దారం దాకా ఊడదీస్తే చాలు, కుట్లు అక్కడ ఆగి ఉంటాయి. పని అయ్యాక ఆ దారం లాగేయొచ్చు.

అత్తమ్మ అడిగిన ఎండల మాట కూడా నిజమే. అందుకే చెయ్యి తిరిగేదాకా ఊలు మీద నేర్చుకుని, అసలు శాలువ నూలుతో అల్లాను. మనది పత్తి పండే నేల. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి బండ్లు చూస్తూ పెరిగినవాళ్ళం, కొత్తవాడ జంపఖానాల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. నూలు శాలువ మన తెల్లవారుజాము చలికి సరిపోతుంది, రైల్లో ఏసీకి సరిపోతుంది. పూర్తయ్యాక తడిపి, తువ్వాలులో చుట్టి నీళ్ళు ఒత్తేసి, మంచం మీద పరిచి నాలుగు వైపులా లాగి గుండుసూదులు గుచ్చి ఆరనివ్వాలి. అప్పటిదాకా ముడుచుకుని దోమతెర పీలికలా ఉన్నది కాస్తా, ఆరేసరికి చిల్లులన్నీ విచ్చుకుని శాలువ అవుతుంది.

పిన్నిగారి ఒక్క సూది

ఇదంతా ఒంటరిగా నేర్చుకోలేదు. మా వెనక వీధిలో ఒక పిన్నిగారు ఉన్నారు. డెబ్భై అయిదు దాటాయి. పెళ్ళయి, రైల్వే ఉద్యోగం చేసే భర్త వెంట కాజీపేట వచ్చారు. పుట్టిల్లు నరసాపురం దగ్గర ఒక పల్లె. లేసు అనగానే ఆవిడ గుర్తొచ్చి సూదులు పట్టుకుని వెళ్ళాను.

"రెండు సూదులు నాకు రావమ్మాయ్. మాది కొక్కెం సూది, ఒక్కటే" అని నవ్వారు. నిజమే, వాళ్ళది క్రోషా. ఒక సూదితో అల్లేది. నాది నిట్టింగ్. కానీ చిల్లు లెక్క ఎక్కడైనా ఒకటేనట. నా చేతిలోది తీసుకుని కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా వేళ్ళతో తడిమి, "ఇదిగో, ఇక్కడ ఒకటి పోగొట్టావు" అని చూపించారు.

పదేళ్ళప్పుడే సూది పట్టారట. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్ళేవాడు. తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ వంట అయ్యాక ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి, దీపం పెట్టాక మళ్ళీ ఒకసారి కూర్చునేవాళ్ళు. ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు వాటిని కలిపేవాళ్ళు. ఉండల లెక్కన డబ్బులు. "ఎన్ని గంటలు కూర్చున్నామో ఎవడు అడిగాడమ్మా? ఇంట్లో కూర్చుని అల్లుకునేదే కదా అనేవోళ్ళు."

"మీరు అల్లినవి ఒక్కటైనా ఉన్నాయా పిన్నిగారూ?" అని అడిగాను.

"ఒక్కటీ లేదు. ఎక్కడికెళ్ళాయో కూడా తెలీదు. దొరలు బల్లల మీద పరుచుకునేవారట."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇది ఒక్క పిన్నిగారి కథ కాదు. నరసాపురం ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. కాలక్రమాన గోదావరి డెల్టా పల్లెల్లో వేల ఇళ్ళకు పాకింది, విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకు అయింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ పల్లెలకు వచ్చి, ఆ ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని ఒక పుస్తకం రాశారు. ఆవిడ తేల్చింది ఒక్క ముక్కలో చెప్పొచ్చు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్ళను అందరూ 'గృహిణులు' అన్నారు, వాళ్ళ పనిని 'తీరిక వేళల పని' అన్నారు. పని చేసేవాళ్ళు కార్మికులు కానప్పుడు కూలి రేటు ఎందుకు, గంటల లెక్క ఎందుకు? అందుకే రోజంతా అల్లినా రూపాయి దాటని కాలం అది. అమ్మి లాభపడినవాళ్ళు మాత్రం వ్యాపారులు, ఎగుమతిదారులు. అక్కడ తీరిక అనే మాటే కూలి తగ్గించే సాధనం అయింది.

పోనీ ఇది మన దేశపు బీదతనమే అనుకుందామా? బ్రిటన్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. అక్కడి లేసు శాలువలు పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నవని లోకమంతా చెప్పుకుంటుంది. వాటిని అల్లిన ఆడవాళ్ళకు చాలాకాలం చేతికి డబ్బు ఇచ్చేవాళ్ళు కాదు. శాలువ తీసుకుని దుకాణదారు టీ పొడో, గుడ్డ ముక్కో ఇచ్చేవాడు. దీని మీద 1872లో ప్రభుత్వం విచారణ కూడా జరిపింది. చలిదేశమైనా, ఎండదేశమైనా, లేసు ఎంత సన్నదైతే అల్లిన చేతికి దక్కింది అంత సన్నగానే ఉంది!

మన వరంగల్‌కు వస్తే, కాకతీయుల కాలంలో మార్కోపోలో ఈ రాజ్యపు రేవు మోటుపల్లి గురించి చెబుతూ, ఇక్కడి సన్నని బట్టలు సాలెగూడులా ఉంటాయని మెచ్చుకున్నాడు. అప్పటి పాలన ఒక రాణిదని కూడా చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవే అంటారు చరిత్రకారులు. రాణి సంగతి చరిత్రకెక్కింది, బట్ట సంగతీ ఎక్కింది. ఆ నూలు వడికిన చేతుల సంగతి మాత్రం ఎక్కలేదు.

నా క్యాలెండర్ లెక్క

పిన్నిగారి మాట విన్నాక నేనొక పని చేశాను. పాలవాడి లెక్క రాసే క్యాలెండర్‌లోనే, ఆ రోజు శాలువ మీద ఎంతసేపు కూర్చున్నానో రాస్తూ వచ్చాను. సంక్రాంతి తర్వాత పూర్తయింది. కూడితే 62 గంటలు, ఊడదీసినవి కూడా కలిపి. నూలుకు నాలుగు వందలైంది. మా వీధి చివర దుకాణంలో అడిగితే, "ఆరొందల యాభైకి పోతుందేమో అమ్మా" అన్నాడు. అంటే నాకు మిగిలేది రెండు వందల యాభై. గంటకు నాలుగు రూపాయలు!

ఈ లెక్క మా ఆయన ముందు పెట్టాను. ఆయన కాసేపు చూసి, "అయితే అమ్మొద్దులే" అన్నారు. నేను కోరుకున్నది ఆ జవాబు కాదు. అమ్మొద్దని కాదు, ఆ ధర తప్పని ఒప్పుకోవాలి.

"ఇవన్నీ తిన్నదరగని మాటలు, చేతిపనితో ఇల్లు గడుపుకునే ఆడవాళ్ళు లేరా?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. ఉన్నారు. మెషిన్ కుట్టేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, మగ్గం పని చేసేవాళ్ళు ఎందరో. కుట్టు మెషిన్ ఎన్నో ఇళ్ళలో పిల్లల ఫీజులు కట్టింది. నేను తక్కువ చేయడం లేదు. నేను చెప్పేది వాళ్ళకే ఎక్కువ వర్తిస్తుంది. తీరిక వేళల్లో ఇంట్లోనే సంపాదించండి అని మనకు ఎంతోమంది చెబుతారు. ఆ తీరిక ఎక్కడుందో మాత్రం చెప్పరు. 2019లో ప్రభుత్వం చేసిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు జీతం లేని ఇంటిపని చేస్తున్నారు. ఆ అయిదు గంటల తర్వాత నిద్రలోంచో నడుంలోంచో తీసిన గంటనే మనం తీరిక అంటున్నాం.

నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన వరంగల్ జంపఖానాలకు 2018లోనే వచ్చింది. సంతోషించాల్సిందే. ఊరి పేరుకు విలువ వచ్చాక, అల్లిన చేతి గంటలకు విలువ రావాలని అడగడం అత్యాశ కాదు కదా.

అందుకే నా మనవి రెండే మాటలు. మీ కోసం ఏదైనా నేర్చుకుంటుంటే, అది లేసైనా, వీణైనా, ఈతైనా, ఎవరికీ సంజాయిషీ చెప్పకండి. తప్పులు చేయండి, ఊడదీయండి. నాకు నచ్చింది అన్నది చాలినంత కారణం. అమ్మడానికి చేస్తుంటే మాత్రం గంటలు రాసిపెట్టుకోండి. ధర చెప్పేటప్పుడు నూలు ఖరీదు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. మనం కొనేటప్పుడు కూడా, ఇంట్లో ఖాళీగా ఉండి చేసిందేగా అని బేరం ఆడకండి. ఆ మాట ఎక్కువగా ఆడవాళ్ళ నోటే వింటున్నాను, నేనూ అన్నదాన్నే.

ఇంతకీ శాలువ ఎవరికని అడిగారు కదా మా అత్తమ్మ. మాఘమాసంలో ఒక పొద్దున తీసుకెళ్ళి పిన్నిగారికి కప్పాను. ఆవిడ కొంగు సర్దుకుని, శాలువ అంచు వేళ్ళతో తడుముతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇక్కడ ఒకటి తప్పావమ్మాయ్, ఉండనీలే" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఊరుకున్నది. మర్నాడు గిన్నెలు కడిగి వచ్చేసరికి, కొత్త నూలు ఉండ చేతిలో పట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. "గిది మంచి రంగున్నది. నాకొకటి చేస్తవా?" అన్నది.

"చేస్త అత్తమ్మా. కానీ ఆ గిన్నెల పని ఎవరిది?" అన్నాను. లోపల పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తి చూశారు.